సుకిజిలో తిన్న భోజనం, అనంతపురంలో కట్టాల్సిన బిల్లు

ప్రశ్న: మాది అనంతపురం. మొన్న సెలవుల్లో నలుగురం టోక్యో వెళ్ళొచ్చాం. సుకిజి మార్కెట్ సందుల్లో ఒక హోటల్లో మధ్యాహ్న భోజనానికి 26,400 యెన్ అయింది. పిల్లలిద్దరూ పచ్చి చేప ముట్టలేదు, అన్నం తిని లేచారు. అప్పటి రేటుతో 15,050 రూపాయలని లెక్కేసుకుంటే కార్డు స్టేట్‌మెంట్‌లో దాదాపు 15,700 పడింది. ఆ డబ్బుకు పది బస్తాల బియ్యం వచ్చేవని మా ఆవిడ ఇంకా అంటూనే ఉంది. ట్రిప్పు ఖర్చంతా కలిపి కార్డు మీద 1,20,000 బాకీ. ఈ నెల మినిమం డ్యూ 6,000 కట్టేసి మిగతాది మెల్లగా తీర్చొచ్చా? పాప చదువుకని వేసిన 2,50,000 ఎఫ్‌డీ తప్ప వేరే పొదుపు లేదు. ఖర్చులు పోను నెలకు 18,000 మిగులుతుంది.

జవాబు: మినిమం డ్యూ కట్టి ఊరుకోవద్దండీ. మీ ఉత్తరంలో నాకు భయం వేసింది ఆ భోజనం గురించి కాదు, ఈ ఒక్క మాట గురించే. 6,000 కడితే 1,14,000 మిగులుతుంది కదా, చాలా కార్డుల్లో నెలకు మూడున్నర శాతం దాకా వడ్డీ ఉంటుంది, అంటే 3,990, దాని మీద 18 శాతం జీఎస్టీ ఇంకో 718, మొత్తం 4,700 పైనే. మీరు 6,000 కట్టినా అప్పు నిజంగా తగ్గేది 1,300. పైగా ఒకసారి బాకీ మిగిల్చారంటే వడ్డీని గడువు తేదీ నుంచి కాదు, మీరు కార్డు గీకిన రోజు నుంచే లెక్కేస్తారు, ఆ తర్వాత పెట్రోలుకో కిరాణాకో గీకినా దానికీ మొదటి రోజు నుంచే వడ్డీ. బాకీ తీరేదాకా ఆ కార్డును బీరువాలో పెట్టేయండి.

మరి డబ్బెక్కడిది? ఎఫ్‌డీ ఉంది కదా. పాప డబ్బు ముట్టుకోవాలంటే మనసొప్పదు, నిజమే, కానీ దాన్ని పగలగొట్టమని చెప్పట్లేదు. అదే బ్యాంకులో దాని మీద లోన్ గానీ ఓవర్‌డ్రాఫ్ట్ (అంటే కావాల్సినంత వాడుకుని, వాడిన దానికే వడ్డీ కట్టే ఖాతా) గానీ అడగండి. ఎఫ్‌డీకి వచ్చే వడ్డీ కంటే మామూలుగా ఒకటి రెండు శాతం ఎక్కువ తీసుకుంటారు, అంతే. ఏడాదికి తొమ్మిది శాతమే అనుకున్నా 1,20,000కి నెలకు 900. కార్డు మీద 4,700 ఎక్కడ, ఇది ఎక్కడ! మీకు మిగిలే 18,000 నెలనెలా అందులో కట్టుకుంటూ పోతే ఏడు నెలల్లో తీరిపోతుంది, ఎఫ్‌డీ చెక్కుచెదరదు.

ఇక 15,050 కాస్తా 15,700 ఎందుకైందంటే, అది హోటల్ వాళ్ళ పని కాదు, మీ కార్డు పని. విదేశీ కరెన్సీలో గీకితే చాలా కార్డులు మూడున్నర శాతం దాకా మార్కప్, అంటే అదనపు రుసుము, వేస్తాయి, దాని మీద మళ్ళీ 18 శాతం జీఎస్టీ, కలిపితే నూటికి నాలుగు రూపాయల పైమాటే. ట్రిప్పు మొత్తం మీద ఇలా పోయింది చిన్న మొత్తం కాదు. మార్కప్ లేని కార్డులు కూడా ఉన్నాయి, మళ్ళీ వెళ్ళేముందు ఒకటి తీసుకోండి. ఇంకోటి, అక్కడ మెషీన్ రూపాయల్లో కడతారా యెన్‌లోనా అని అడిగితే ఎప్పుడూ యెన్ అనే నొక్కండి, రూపాయలు అంటే ఆ రేటు వాళ్ళిష్టం, సాధారణంగా మనకు నష్టమే.

మోసపోయామా అని బాధపడుతున్నట్టున్నారు. ధర మెనూలో రాసి ఉంటే మోసం అనలేం. చేపల టోకు మార్కెట్ 2018లోనే సుకిజి నుంచి టోక్యోలోనే ఉన్న టొయోసుకు వెళ్ళిపోయింది, సుకిజిలో మిగిలిన బయటి మార్కెట్‌కు విదేశీ టూరిస్టులు పెద్ద ఎత్తున వస్తారు. మళ్ళీ రాని గిరాకీకి ఒక ధర, రోజూ వచ్చే వాడికి ఒక ధర, మన దగ్గర జాతరలో అంగడి పెట్టినవాడి లెక్కా ఇదే. టొయోసు మార్కెట్ పక్కన 2024 ఫిబ్రవరిలో తెరిచిన కొత్త సముదాయంలో అన్నం మీద పచ్చి సముద్రపు చేపలు పెట్టిన గిన్నె ఒక్కటి 7,000 యెన్ దాకా పెడితే జపాన్ వాళ్ళే ముక్కున వేలేసుకున్నారు, దానికి 'ఇన్‌బౌండ్ డోన్', అంటే విదేశీ టూరిస్టుల అన్నం గిన్నె, అని పేరు కూడా పెట్టారు.

అదే టోక్యోలో నాలుగు సందులు అవతలికి నడిస్తే ఉద్యోగులు తినే చోట ఉడోన్ (లావు గోధుమ నూడుల్స్) గిన్నె 500 యెన్ చుట్టుపక్కల దొరుకుతుంది, అన్నం మీద కోడి, గుడ్డు వేసిన ఒయాకోడోన్, కూర అన్నం 1,000 లోపే. గ్యూడోన్ ఇంకా చవక కానీ అది గొడ్డు మాంసం, మీ ఇంట్లో తినకపోతే పేరు గుర్తుపెట్టుకోండి. టిప్పు ఇవ్వక్కర్లేదు, మంచినీళ్ళకు డబ్బు తీసుకోరు, చాలాచోట్ల మంచి హోటళ్ళు కూడా రాత్రి కంటే మధ్యాహ్నం సెట్టు భోజనం చాలా తక్కువకు పెడతాయి. మెనూలో రెండు ధరలు కనిపిస్తే పెద్దది పన్నుతో కలిపినది, అదే మీరు కట్టేది. పన్ను కూర్చుని తింటే పది శాతం, పార్సెల్ అయితే ఎనిమిది.

నన్నడిగితే మీ ఆవిడ కోపంలో న్యాయం ఉంది. ఖరీదైన భోజనం తప్పు కాదు, పిల్లలు తినని దానికి అంత పెట్టడమే బాధ. ఎండలో తిరిగి, పిల్లలు ఆకలని ఏడుస్తుంటే ఎదురుగా కనిపించిన ఫోటోల మెనూ చూసి ఎవరైనా కూర్చుంటారు, అందుకే ఆ నిర్ణయం ఆకలి వేయకముందు, పొద్దున్నే గదిలో ఉండగానే అయిపోవాలి. తిండికి రోజుకు ఇన్ని యెన్ అని ఇద్దరూ కలిసి ముందే అనుకోండి, ట్రిప్పు మొత్తంలో ఒక్క పెద్ద భోజనం ఇష్టంగా ఎంచుకోండి, అది మీ ఆవిడనే ఎంచుకోనివ్వండి. పిల్లలకు అదే చోట వండిన వంటకం ఉందో లేదో చూసుకున్నాకే లోపలికి వెళ్ళండి.

ఏడు నెలల తర్వాత ఆ 18,000లో 8,000 ఎమర్జెన్సీ ఫండ్‌కి, 6,000 రికరింగ్ డిపాజిట్‌లో తర్వాతి ట్రిప్పుకి, మిగతా 4,000 పాప పేరు మీద పెట్టండి. కానీ ఈ వారం చేయాల్సింది ఒక్కటే. గడువు తేదీకి కనీసం మూడు రోజుల ముందు ఎఫ్‌డీ రసీదు, ఆధార్, పాన్ తీసుకుని బ్యాంకుకు వెళ్ళండి, లోన్ డబ్బు పడగానే కార్డు బాకీ 'టోటల్ డ్యూ' మొత్తం కట్టేసి, బ్యాలెన్స్ సున్నా అయిందో లేదో మరుసటి స్టేట్‌మెంట్‌లో చూసుకోండి.