గ్రీన్ కార్డ్ లేకపోతే డ్రాఫ్ట్‌లో తీసుకోరా?

ప్రశ్న: మేము టెక్సస్‌లో, ఫ్రిస్కోలో ఉంటాం. పెద్దవాడు ఆరేళ్లప్పుడు హైదరాబాద్ నుంచి మాతో వచ్చాడు, ఇప్పుడు 20 ఏళ్లు, ఇంకా హెచ్-4 (హెచ్-1బీ ఉద్యోగుల కుటుంబానికిచ్చే వీసా) మీదే ఉన్నాడు. కాలేజీ టీమ్‌లో డిఫెండర్. చిన్నవాడు ఇక్కడే పుట్టాడు. సిటిజన్ కాకపోతే, కాలేజీ ఆటగాళ్లను క్లబ్బులు వంతులవారీగా ఎంచుకునే మేజర్ లీగ్ సాకర్ డ్రాఫ్ట్‌లో తీసుకోరని అంటున్నారు. నిజమేనా? ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకుడు

జవాబు: తీసుకోరని ఎవరన్నారండీ! 2017లో మొదటి పిక్ (అందరికంటే ముందు ఎంచుకున్న ఆటగాడు) అబూ డన్లాడీది ఘనా, 2018లో జువావ్ మోటిన్యోది పోర్చుగల్, 2024లో టైరీస్ స్పైసర్‌ది ట్రినిడాడ్. కాకపోతే వాళ్లు మొదటి పిక్‌లు, మీవాడు మూడో రౌండ్‌లో పోయే డిఫెండర్ అయితే మాత్రం లెక్క మారిపోతుంది.

తిరకాసంతా స్లాట్ దగ్గర. లీగ్ ఒక్కో క్లబ్‌కి మామూలుగా 8 ఇంటర్నేషనల్ స్లాట్లు (విదేశీ ఆటగాళ్లకి కేటాయించే చోట్లు) ఇస్తుంది, వాటిని క్లబ్బులు తమలో తాము కొనుక్కుంటాయి, అమ్ముకుంటాయి, ఒక్కోటి లక్ష డాలర్ల పైనే పలుకుతుంది. అర్జెంటీనా నుంచి తెచ్చే ఫార్వర్డ్ కోసం దాచుకున్న స్లాట్‌ని బెంచీ మీద కూర్చునే కొత్త కుర్రాడికి ఎందుకిస్తారు చెప్పండి? ఆట సమానంగా ఉంటే స్లాట్ అక్కర్లేనివాణ్నే తీసుకుంటారు, అది కోచ్ పక్షపాతం కాదు, లెక్కల గొడవ.

సిటిజన్ కానక్కర్లేదు, గ్రీన్ కార్డ్ ఉన్నా అమెరికా క్లబ్‌కి లోకల్ ఆటగాడే. లైబీరియాలో పుట్టిన డార్లింగ్టన్ నాగ్బీ 2011లో రెండో పిక్‌గా పోర్ట్‌లాండ్‌కి వెళ్లాడు, సిటిజన్ అయింది 2015లో.

మీరు అసలు భయపడాల్సింది డ్రాఫ్ట్ గురించి కాదు, వాడి 21వ పుట్టినరోజు గురించి. ఆ రోజుతో హెచ్-4 అయిపోతుంది, ఎఫ్-1 స్టూడెంట్ వీసాకి మారాలి, మీ గ్రీన్ కార్డ్ క్యూలోంచి కూడా జారిపోవచ్చు, ఆ తర్వాత వాడి క్యూ వాడిదే. ఐ-140 (మీ కంపెనీ వేసే గ్రీన్ కార్డ్ పిటిషన్) పెండింగ్‌లో ఉన్న రోజుల్ని వయసులోంచి తీసేసే రూలొకటి ఉంది, దాని ప్రకారం మీవాడి వయసెంతో ఈ వారమే లాయర్ చేత లెక్క కట్టించండి. డ్రాఫ్ట్‌లో పేరు పిలిచినంత మాత్రాన వీసా రాదు, కాంట్రాక్ట్ కూడా రాదు, హక్కులు మాత్రమే క్లబ్‌కి వెళ్తాయి. కాంట్రాక్ట్ ఇచ్చాక పీ-1 (క్రీడాకారులకిచ్చే) వీసాకి పిటిషన్ వేయాల్సింది క్లబ్, లీగ్ తరఫువాళ్లే.

చిన్నవాడికి ఈ గొడవేం లేదు. మీ ఊళ్లోనే ఎఫ్‌సీ డాలస్ అకాడమీ ఉంది కదా, అందులో చేరి బాగా ఆడితే డ్రాఫ్ట్ జోలికే పోకుండా సొంత అకాడమీ కుర్రాళ్లకిచ్చే హోమ్‌గ్రోన్ కాంట్రాక్ట్ ఇస్తారు, రికార్డో పెపీ అలా వచ్చినవాడే. కాకపోతే రేపు వాడు ఇండియా టీమ్‌కి ఆడతానంటే ఓసీఐ కార్డ్ (విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకిచ్చేది) చాలదు, అమెరికా పాస్‌పోర్ట్ వదులుకోవాలి, ఆస్ట్రేలియాలో పుట్టిన రయాన్ విలియమ్స్ 2025లో అలాగే తన ఆస్ట్రేలియా పాస్‌పోర్ట్ వదులుకున్నాడు. పెద్దవాడికి ఆ బాధ లేదు, గ్రీన్ కార్డ్ వచ్చినా వాడి చేతిలో ఇండియా పాస్‌పోర్టే ఉంటుంది.