గిట్టలు ఎటు చూస్తున్నాయో చూడు, బిడ్డా

బిడ్డా,

మొయినాబాద్‌లో చూడి ఆవును కొన్నావని, అదీ తొలిచూలుదని మీ నాన్న చెప్పాడు. ముందు నవ్వొచ్చింది, వెంటనే టెన్షన్ పట్టుకుంది. పాల ప్యాకెట్ చింపడానికి కత్తెర వెతికే పిల్లవు నువ్వు!

చూడి కట్టడానికి సూది వేయించిన తేదీ అడిగి రాసుకో. ఆ తేదీ నుంచి 280 రోజులకు అటూ ఇటూగా ఈనుతుంది. పొదుగు బిగుస్తుంది, తోక మొదలుకు రెండు పక్కలా గుంటలు పడతాయి, వెనక నుంచి జిగురు తీగలు సాగుతాయి. ఈనే పూట మేత సరిగా ముట్టదు. లేస్తుంది, పడుకుంటుంది, తోక ఎత్తి నిలబడుతుంది, పొట్టవైపు తిరిగి చూసుకుంటుంది. ఒంటరిగా మూలకు పోతే పోనీ. వీడియో తీస్తూ ఎదురుగా నిలబడకు, బెదిరితే నొప్పులు మందగిస్తాయి.

ముప్పై ఏళ్ల కింద కార్వాన్‌లో మన ఇంటి వెనక కొట్టం ఉండేది. ఇప్పుడక్కడ అపార్ట్‌మెంట్ పార్కింగ్. గౌరి ఈనే రాత్రి లాంతరు పెట్టుకుని కూర్చున్నాను. ఉమ్మనీటి సంచి పగిలింది, రెండు గిట్టలు కనిపించాయి. ముందుకాళ్లే కదా, ఇక ముక్కు వస్తుందిలే అని ఇంట్లో అందరినీ లేపి టీ కూడా పెట్టాను. ముక్కు రాలేదు. గిట్టల అడుగు పైకి తిరిగి ఉందని, అవి వెనకకాళ్లని, తెల్లారి డాక్టర్ వచ్చి చెప్పేదాకా నేను చూడనే లేదు. పెయ్యదూడ, లోపలే ఊపిరాడక పోయింది. ఆయన తిట్టలేదు. చేతులు కడుక్కుంటూ "రాత్రే పిలవాల్సిందమ్మా" అన్నాడంతే. మీ పెదనాన్న ఆ మాట కూడా అనలేదు. గౌరి రెండు రోజులు ఆ గడ్డిని వాసన చూస్తూ అరిచింది.

అందుకే మంచి టార్చిలైట్ కొనుక్కో. గిట్టల అడుగు కిందికి ఉండి, వాటి మీద ముక్కు కనిపిస్తే సరే. పైకి ఉంటే ఆలోచించకు, డాక్టర్‌కు ఫోన్ చెయ్. అన్నీ సరిగ్గానే ఉన్నా, సంచి పగిలి గంట దాటినా దూడ బయటికి రాకుండా అక్కడే ఆగిపోతే అప్పుడూ ఫోనే. మీ ఊరి డాక్టర్ నంబరు, దాని కింద పశువుల అంబులెన్స్ నంబరు 1962, కొట్టం గోడ మీద ఇవాళే సుద్దముక్కతో రాయి. నువ్వు మాత్రం లాగకు, నీ మొండితనం నాకు తెలుసు.

దూడ తర్వాత పడే మాయను కూడా లాగొద్దు. 12 గంటల్లో పడకపోతే డాక్టర్ చూసుకుంటాడు.

ఈనగానే వచ్చే మొదటి పాలు, ముర్రుపాలు, గంటలోపే దూడకు పట్టించు. దాని కడుపు నిండాక మిగిలితే నాకు తే. బెల్లం, మిరియాలు ఇంట్లో ఉన్నాయి.

మీ పెద్దమ్మ