మాంసం మానేస్తే నీరసం వస్తుందా? శాకాహారం ఎలా మొదలుపెట్టాలి?

నీరసం వచ్చేది మాంసం మానడం వల్ల కాదు, దాని స్థానంలో ఏమీ పెట్టకపోవడం వల్ల. చాలా ఇళ్లలో చికెన్ తీసేసి ఆ ఖాళీని అన్నం, బంగాళాదుంప వేపుడుతో నింపేస్తారు. అసలు పొరపాటు అక్కడే.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్కలో పెద్దవాళ్లకు కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రొటీన్ కావాలి. అంటే 60 కిలోల మనిషికి సుమారు 50 గ్రాములు. వండని కందిపప్పు 100 గ్రాముల్లో దాదాపు 22 గ్రాములుంటుంది. కాబట్టి పప్పు నీళ్లలా కాకుండా ముద్దపప్పులా, కప్పు నిండా తినండి. పొద్దున పెసరట్టు, సాయంత్రం ఉడికించిన శనగలు, రెండు పూటలా పెరుగు. అన్నం కాస్త తగ్గించండి. పప్పులు ఎక్కువైతే మొదట్లో గ్యాస్ పడుతుంది, శనగల్లాంటివి రాత్రే నానబెట్టండి.

తోటకూర పప్పులో నిమ్మకాయ పిండుకుంటే ఐరన్ ఒంటికి బాగా పడుతుంది. తిన్న వెంటనే టీ మాత్రం వద్దు.

విటమిన్ బి12 విషయం తేలిగ్గా తీసుకోకండి. అది పప్పుల్లో, ఆకుకూరల్లో దొరకదు. పాలు, పెరుగు కూడా మానేస్తుంటే డాక్టర్‌ని అడిగి మాత్రలు వాడాల్సిందే.

ఒక్కసారిగా మానక్కర్లేదు, వారానికి మూడు రోజులతో మొదలుపెట్టండి.