డోసింగ్ పంప్ సోడా ఎక్కువ పోస్తోంది, క్యాల్షియం తక్కువ పోస్తోంది: లోపం సెట్టింగ్‌లో లేదు

మీ ప్రశ్నకు జవాబు మీరే చివర్లో రాసేశారు. కూకట్‌పల్లి ఫ్లాట్‌లో 200 లీటర్ల రీఫ్ ట్యాంక్, అంటే కోరల్స్ (పగడాలు) పెంచే ఉప్పునీటి అక్వేరియం. సెకండ్ హ్యాండ్‌లో కొన్న నాలుగు హెడ్ల డోసింగ్ పంప్ (సెట్ చేసినంత ద్రావణాన్ని టైముకి పోసేది, ఒక్కో ద్రావణానికి ఒక్కో హెడ్). సోడా, క్యాల్షియం రోజుకు చెరో 40 మి.లీ. సెట్ చేశారు. ఆరు రోజులు తిరిగేసరికి ఆల్కలినిటీ (నీళ్లలో కార్బొనేట్ల మోతాదు, దాని కొలత డీకేహెచ్) 8 నుంచి 11 డీకేహెచ్‌కి ఎక్కింది, క్యాల్షియం 420 నుంచి 400 పీపీఎమ్‌కి దిగింది. సోడా అర లీటరు ఖాళీ, క్యాల్షియం వంద మి.లీ. మాత్రమే తగ్గింది. ఇంత రాశాక, ఏదో మాటవరసకన్నట్టు "సోడా డబ్బా స్టాండ్ పై అరలో ఉంది, చోటు లేక క్యాల్షియం డబ్బా నేల మీద పెట్టాను" అన్నారు. అసలు సంగతి అక్కడే ఉంది.

ముందు లెక్క చూద్దాం. మీరు లీటరు నీళ్లకు 80 గ్రాముల వంట సోడా కలుపుతున్నానన్నారు. 200 లీటర్లలో ఒక డీకేహెచ్ పెరగాలంటే 6 గ్రాముల సోడా కావాలి, అంటే మీ ద్రావణంలో 75 మి.లీ. ఆరు రోజులకు 240 మి.లీ. పోవాలి, 500 పోయింది. అదనంగా పడ్డ 260 మి.లీ.ని 75తో భాగిస్తే మూడున్నర డీకేహెచ్. మీ టెస్ట్ కిట్ చూపించింది మూడు. కాబట్టి కిట్ అబద్ధం చెప్పడం లేదు, కోరల్స్ ఆల్కలినిటీని తినడం మానేయలేదు, 40 అన్న మీ అంకె కూడా తప్పు కాదు. పంప్ ఆగి ఉన్నప్పుడు కూడా సోడా కారుతోంది, అంతే.

ఈ పంపులు పనిచేసే తీరు తెలిస్తే మిగతాది అర్థమవుతుంది. హెడ్ లోపల మెత్తటి ట్యూబ్ ఒకటి గుర్రపు నాడాలా వంగి ఉంటుంది. దాని మీద రోలర్లు తిరుగుతూ ట్యూబ్‌ని నొక్కుకుంటూ ద్రవాన్ని ముందుకు తోస్తాయి. పంప్ ఆగినప్పుడు కూడా ఏదో ఒక రోలర్ ట్యూబ్‌ని గట్టిగా నొక్కి పట్టుకునే ఉండాలి. వేరే వాల్వ్ ఏమీ ఉండదు, ఆ నొక్కుడే తాళం. సెకండ్ హ్యాండ్ పంపుల్లో చెడేది సరిగ్గా ఇదే. నెలల తరబడి పక్కన పడేసిన పంప్‌లో రోలర్ నొక్కిన చోటే ట్యూబ్ సొట్టపడిపోయి ఉంటుంది, మిగతా చోట్ల గట్టిపడి ఉంటుంది. తాళం వదులైపోతుంది.

వదులైన తాళానికి డబ్బా ఎక్కడుందన్నదే ముఖ్యం. డబ్బాలో ద్రవం మట్టం ట్యూబ్ చివర కంటే పైన ఉంటే సైఫన్ పట్టి (పై నుంచి కిందికి తనంతట తానే లాక్కుని) చుక్క చుక్కగా సంప్‌లోకి, అంటే ట్యాంక్ నీళ్లు దిగి మళ్లీ పైకి వెళ్లే కింది తొట్టిలోకి, కారుతూనే ఉంటుంది. ఇది మీ సోడా. డబ్బా కింద ఉంటే ట్యూబ్‌లో ఉన్నది వెనక్కి డబ్బాలోకే జారిపోతుంది. ఇది మీ క్యాల్షియం. మూడు మిల్లీమీటర్ల లోపలి వ్యాసం ఉన్న ట్యూబ్ మీటరు పొడవుంటే అందులోనే 7 మి.లీ. పడుతుంది. మీరు 40 మి.లీ.ని గంటకోసారి చొప్పున 24 భాగాలు చేశారు కాబట్టి ఒక్కో డోసు మి.లీ.న్నర పైచిలుకు. గంటలో రెండు మూడు మి.లీ. వెనక్కి జారినా చాలు, మోటార్ తిరుగుతుంది, శబ్దం వస్తుంది, చివర చుక్క రాలదు. రెండు హెడ్లకూ ఒకటే జబ్బు, లక్షణాలే ఎదురుబొదురు.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, నేను దీనికి బాగానే మూల్యం చెల్లించాను. మూడేళ్ల కిందట సంక్రాంతికి నాలుగు రోజులు ఊరెళ్లాం. వెళ్లేముందు, ఎందుకైనా మంచిదని, సోడా డబ్బా నిండా రెండున్నర లీటర్లు పోసి పై అరలో పెట్టాను. అప్పట్లో వంట సోడాని ఓవెన్‌లో కాల్చి కార్బొనేట్‌గా మార్చి వాడేవాణ్ని. అది పీహెచ్‌ని కూడా లేపుతుంది కదా అని మురిసిపోయేవాణ్ని. రెండో రోజు చేపలకు మేత వేయడానికి వచ్చిన పక్క ఫ్లాట్ అబ్బాయి ఫోన్ చేసి "అన్నా, నీళ్లు కొంచెం పాలలాగ ఉన్నయ్, చేపలైతే మంచిగనే ఉన్నయ్" అన్నాడు. ఇసుక కదిలి ఉంటుందిలే అనుకున్నాను.

తిరిగొచ్చి తలుపు తీసేసరికి రిటర్న్ పంప్ (సంప్ నీళ్లను తిరిగి ట్యాంక్‌లోకి పంపేది) మూలుగుతున్న శబ్దం. సంప్ గోడల మీద సున్నం వేసినట్టు తెల్లటి పూత, వేలితో గీస్తే గరగరలాడింది. ఆల్కలినిటీ టెస్ట్‌లో రంగు మారేసరికి 15 డీకేహెచ్ దాటింది. హ్యామర్ కోరల్ లోపలికి ముడుచుకుని వారం తర్వాత మళ్లీ విచ్చుకుంది గానీ, అక్రోపొరా (కొమ్మల్లా పెరిగే కోరల్) ఆరు కొమ్మలకూ కింద నుంచి చర్మం ఊడిపోయి ఎముకల్లా మిగిలాయి. ట్యూబ్ చివర పట్టుకుని చూస్తే, పంప్ ఆపి ఉన్నా, ఏడెనిమిది సెకన్లకో చుక్క రాలుతోంది.

కాబట్టి ఈ రాత్రే మీరు చేయాల్సింది చిన్న పరీక్ష. పంప్ ప్లగ్ తీసేయండి. రెండు ట్యూబుల చివరలూ సంప్ నుంచి తీసి, ఇప్పుడున్న ఎత్తులోనే రెండు స్టీలు గ్లాసుల్లోకి వదలండి. సోడా గ్లాసులో పొద్దుటికి ఎంత చేరిందో మెడికల్ షాపులో దొరికే 10 మి.లీ. సిరంజితో కొలవండి. క్యాల్షియం ట్యూబ్ మీద నిండుగా ఉన్న చోట స్కెచ్ పెన్‌తో గీత పెట్టి, పొద్దున ద్రవం ఆ గీత దగ్గరే ఉందో, కిందికి జారిందో చూడండి. ఆరు రోజుల్లో 260 కారింది కాబట్టి సోడా గ్లాసులో రాత్రికి 15 నుంచి 20 మి.లీ. రావాలని నా అంచనా. రాకపోతే నేను చెప్పినదంతా తప్పు, మళ్లీ మొదటి నుంచి ఆలోచిద్దాం.

మరమ్మతుకు వస్తే, హెడ్ లోపలి ట్యూబులు నాలుగూ మార్చేయండి. పాతదాని లోపలి వ్యాసం, గోడ మందం రెండూ సరిపోవాలి. గోడ కాస్త పలచగా ఉన్నా రోలర్ నొక్కుడు చాలదు. సిలికాన్ ట్యూబ్ చవక, కానీ తొందరగా అరుగుతుంది. ఫార్మెడ్ లేదా శాంటోప్రీన్ రకం దొరికితే అదే తీసుకోండి. ఏదైనా సరే ఏడాదికోసారి మారుస్తాను, బాగుందా లేదా అని చూడను. కొందరు చెక్ వాల్వ్ (ద్రవాన్ని ఒకవైపే వదిలేది) పెట్టమంటారు. సోడా లైన్‌లో అది కొన్ని నెలలకే ఉప్పు పట్టి బిగుసుకుపోతుంది, నేనైతే పెట్టను.

ట్యూబులు మార్చినా డబ్బాలు మాత్రం రెండూ కిందే ఉండాలి. ట్యూబ్ చివర సంప్ నీటికి రెండు అంగుళాలు పైన, డబ్బాలోని ద్రవం మట్టం కంటే కూడా పైన ఉండాలి. చాలామంది మొదటిది పాటించి రెండోది వదిలేస్తారు. చివర నీటిపైన ఉన్నంత మాత్రాన సైఫన్ ఆగదు, డబ్బా ఎత్తులో ఉంటే గాలిలోనే కారుతుంది. చివర నీళ్లలో మునిగి ఉంటే ఇంకో బాధ, సంప్ నీళ్లే వెనక్కి డబ్బాలోకి వస్తాయి. సోడా ట్యూబ్ చివర తెల్లగా పొక్కు కడుతుంటుంది కూడా. వారానికోసారి గోటితో గిల్లేస్తే పోతుంది.

ఇక క్యాలిబ్రేషన్, అంటే పంప్ నిజంగా ఎంత పోస్తోందో కొలిచి సరిచేయడం. కొత్త ట్యూబ్ వేశాక, అంతా అసలు స్థానంలో బిగించాక, ట్యూబ్ చివరిదాకా నిండాక మాత్రమే చేయండి. టేబుల్ మీద పెట్టి చేసిన క్యాలిబ్రేషన్ స్టాండ్‌లోకి వెళ్లాక మారిపోతుంది. 5 మి.లీ.తో కాకుండా 50 మి.లీ. పోయించి కొలవండి, చుక్క తేడా వచ్చినా నష్టం ఉండదు. వంటింటి త్రాసు మీద తూచేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి: మి.లీ.కి గ్రాము అన్నది మామూలు నీళ్లకే. క్యాల్షియం ద్రావణం నీళ్ల కంటే బరువు. చిక్కటిదైతే తేడా బాగానే వస్తుంది. కొత్త ట్యూబ్ మొదటి వారంలో కాస్త సర్దుకుంటుంది, వారం తర్వాత ఇంకోసారి చూడండి.

మీ షెడ్యూల్‌లో ఒక్క మార్పు చాలు. రెండూ ఒకే నిమిషానికి పడేలా పెట్టారు. సోడా గంట కొట్టగానే, క్యాల్షియం అరగంటకు వేయండి. ట్యూబ్ చివరలు కనీసం అడుగు దూరంలో, నీళ్లు బాగా కదిలే చోట ఉండాలి. రెండూ చిక్కగా కలిస్తే అక్కడికక్కడే క్యాల్షియం కార్బొనేట్ అయిపోతుంది, మీరు వాడిన సోడా, క్యాల్షియం రెండూ సుద్దముక్కే.

మన హైదరాబాద్‌లో ఇంకో గుంట ఉంది, అందులోనూ పడ్డాను. డోసింగ్ పంప్ కరెంటు పెద్దగా లాగదు కదా అని ఇన్వర్టర్ లైన్‌కి తగిలించాను, రిటర్న్ పంప్ మామూలు లైన్ మీదే ఉంది. మే నెలలో గాలివానకి రెండు గంటలు కరెంటు పోయింది. ట్యాంక్ నీళ్లు సంప్‌లోకి రావడం ఆగిపోయింది, డోసింగ్ పంప్ మాత్రం నిలిచి ఉన్న సంప్ నీళ్లలో తన పని తాను చేసుకుపోయింది. సంప్ అడుగున పిండి రాలినట్టుంది. రెండూ ఒకే లైన్ మీద పెట్టండి, ఇన్వర్టర్ అయితే రెండూ ఇన్వర్టర్. మీ పంప్‌లో గడియారానికి బ్యాటరీ లేకపోతే కరెంటు వచ్చాక 12 గంటలకు తిరిగిపోవచ్చు. రోజంతా సమానంగా పంచి పోస్తున్నప్పుడు దాంతో పెద్ద ఇబ్బంది లేదు, అందుకే "సోడా రాత్రిపూటే" అన్న షెడ్యూల్ జోలికి నేను పోను.

డబ్బా పరిమాణం గురించి నాకు కాస్త చాదస్తం ఉంది. వారానికి సరిపడా కంటే ఎక్కువ పోయను. మీ 40 మి.లీ. చొప్పున వారానికి 280, అది మొత్తం ఒకే రాత్రి కారినా పెరిగేది నాలుగు డీకేహెచ్ లోపే. కోరల్స్ ఏడుస్తాయి గానీ చాలావరకు బతుకుతాయి. ఐదు లీటర్ల క్యాన్ పెట్టి నాలుగు నెలలకోసారి నింపితే హాయిగా ఉంటుందనే ఆలోచన అందరికీ వస్తుంది. ఆ క్యాన్‌లో 66 డీకేహెచ్ ఉంది మరి.

సోడా విషయం: కిరాణాలో దొరికే వంట సోడా చాలు, బేకింగ్ పౌడర్ మాత్రం వద్దు, అందులో ఆమ్లం, పిండి కలిసి ఉంటాయి. మొదటిసారి ఐదు కిలోలు అడిగితే మా షాపాయన "ఏం సార్, మిర్చి బజ్జీ బండి పెడుతున్నరా?" అని నవ్వాడు. లీటరుకు 80 గ్రాములు దాటించకండి, చలికాలంలో అడుగున పేరుకుంటుంది. దానికి జోడీగా క్యాల్షియం క్లోరైడ్ డైహైడ్రేట్ లీటరుకు 70 గ్రాములు కలిపితే రెండూ సమాన కొలతలో పోయొచ్చు. ఇంట్లో తాగే ఆర్‌వో నీళ్లతో కలపకండి. చాలా ప్యూరిఫయర్లలో టీడీఎస్ కంట్రోలర్ పచ్చి నీళ్లను కొంచెం తిరిగి కలుపుతుంది. బోరు నీళ్ల అపార్ట్‌మెంట్‌లో అయితే సోడా కలపగానే తెల్లగా మసకబారుతుంది.

క్యాల్షియం 20 పీపీఎమ్ తగ్గిందని టెన్షన్ పడకండి. ఒక డీకేహెచ్ ఖర్చయితే క్యాల్షియం 7 పీపీఎమ్ మాత్రమే తగ్గుతుంది, కిట్ తేడానే 10 దాకా ఉంటుంది. రోజూ చూడాల్సింది ఆల్కలినిటీ, అదీ ఒకే సమయానికి. క్యాల్షియం వారానికోసారి, మెగ్నీషియం నెలకోసారి చూస్తే సరిపోతుంది. మెగ్నీషియం 1300 చుట్టుపక్కల ఉంటే దానికి హెడ్ కూడా అక్కర్లేదు, చేత్తోనే వేసేయండి.

ఇప్పుడున్న 11ని దించడానికి వెనిగర్ గానీ యాసిడ్ గానీ పోయకండి. సోడా పూర్తిగా ఆపండి. మీ ట్యాంక్ రోజుకు అర డీకేహెచ్ తింటోంది కాబట్టి ఐదారు రోజుల్లో దానంతటదే 8.5కి వస్తుంది. నీళ్లు మార్చాలనిపిస్తే ముందు మీ సాల్ట్ (ఉప్పునీళ్లు తయారుచేసే అక్వేరియం ఉప్పు) కలిపిన నీళ్లనే టెస్ట్ చేయండి. కొన్ని సాల్ట్‌లు కలిపితేనే 11, 12 వస్తాయి, వాటితో మారిస్తే దిగేదేమీ ఉండదు. క్యాల్షియం మాత్రం రోజూ పొద్దున 40 మి.లీ. చేత్తో, నీళ్లు కదిలే చోట నెమ్మదిగా పోయండి. ఆల్కలినిటీ 8.5కి రాగానే సోడా 30తో మొదలుపెట్టి, మూడు రోజులు చూసి, తగ్గుతుంటే 40కి రండి.

పొద్దున గ్లాసులో ఎన్ని మి.లీ. వచ్చిందో ఇక్కడే రాయండి. వీలైతే హెడ్ మూత తీసి ట్యూబ్ సొట్ట కనబడేలా ఫొటో కూడా పెట్టండి, ఏ సైజు తెచ్చుకోవాలో చెబుతాను.