పాత సీపీయూ కొత్త ర్యామ్‌ను సగమే చూపిస్తుంటే

చిరంజీవి చిన్నాకు, పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు వాట్సాప్‌లో పంపిన ఫొటోలు చూశాను. కొత్తగా కొన్న 4 జీబీ ర్యామ్‌ను నీ సిస్టమ్ 2 జీబీగా చూపిస్తోందనీ, విండోస్ మళ్లీ వేస్తే సరిపోతుందని ఎవరో అన్నారనీ రాశావు. ఇప్పుడే ఫార్మాట్ కొట్టకు. తప్పు చెబుతున్నది విండోసా, మదర్‌బోర్డా అన్నది తేలకుండా ఏం చేసినా టైమ్ దండగ.

తేల్చుకోవడం తేలికే. పవర్ ఆన్ చేయగానే డిలీట్ కీ నొక్కుతూ ఉంటే బయోస్, అంటే బోర్డు సొంత సెట్టింగుల తెర తెరుచుకుంటుంది. కొన్ని బోర్డుల్లో అది ఎఫ్2. అప్పటికింకా విండోస్ రంగంలోకి దిగదు కాబట్టి, అక్కడ కనిపించేది బోర్డు సొంతంగా గుర్తుపట్టిందే. మెమరీ 4096 ఎంబీ అని ఉంటే తేడా విండోస్‌లో ఉంది. 2048 అని ఉంటే మాత్రం ఏ డ్రైవరూ (పరికరాన్ని విండోస్‌తో పనిచేయించే సాఫ్ట్‌వేర్) దాన్ని మార్చలేదు.

విండోస్ సంగతి ముందు చెప్పేస్తాను. 32 బిట్ విండోస్‌కు ఉండే మెమరీ అడ్రసులు మొత్తం 4 జీబీకే సరిపోతాయి. గ్రాఫిక్స్, నెట్‌వర్క్ లాంటి వాటికీ అందులోంచే ఇవ్వాలి. అందుకే విండోస్ 7లో 4 జీబీ ఉన్నా వాడుకోవడానికి 3.25 జీబీయే అని చూపిస్తుంటుంది. అది రిపేరు కాదు, దాని పద్ధతే అంత. 64 బిట్ వేసినా తగ్గితే విండోస్ సెట్టింగుల టూల్ ఎంఎస్‌కాన్ఫిగ్‌లో బూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌కి వెళ్లి 'మ్యాగ్జిమమ్ మెమరీ' టిక్ ఉంటే తీసెయ్. బయోస్‌లో మెమరీ రీమ్యాప్ అనేది ఉంటే ఆన్ చెయ్.

కానీ నీ ఫొటోలో బోర్డు మీద జీ41 అని ఉంది. నా అనుమానం అంతా దాని మీదే. ఇంటెల్ జీ41 చిప్‌సెట్ 2008 నాటిది. డీడీఆర్3 రకం ర్యామ్‌లో ఒక్కో చిప్పు 2 గిగాబిట్ల (ఎనిమిది గిగాబిట్లయితే ఒక జీబీ) దాకానే దానికి అర్థమవుతుంది. తర్వాత వచ్చిన 4 జీబీ ర్యామ్ స్టిక్కుల్లో చాలావాటికి 4 గిగాబిట్ల చిప్పులు ఎనిమిదే ఉంటాయి. అలాంటిది పెడితే సగమే కనిపించొచ్చు, అసలు డిస్‌ప్లేనే రాకపోవచ్చు. నీ బోర్డుకు కావలసింది రెండు వైపులా ఎనిమిదేసి, మొత్తం 16 చిప్పులున్న స్టిక్. లేబుల్ మీద 2ఆర్ఎక్స్8 అని ఉందేమో చూడు. ఒట్టి చిప్పులు లెక్కపెట్టి కొనకు. ఇంటెల్‌కు పోటీ కంపెనీ ఏఎండీ బోర్డులకే పనిచేసే చవక స్టిక్కులు ఆన్‌లైన్‌లో బోలెడు, వాటికీ 16 చిప్పులుంటాయి, నీ ఇంటెల్ బోర్డులో పనికిరావు. అలాంటివి అమ్మేవాళ్లు ఆ ముక్క ఎక్కడో చిన్న అక్షరాల్లో పెడతారు.

అయినా స్టిక్‌దే తప్పని తీర్పు చెప్పేముందు ఒక పని చెయ్. ప్లగ్ పీకి, పవర్ బటన్ కాసేపు నొక్కి ఉంచు. క్యాబినెట్ ఇనుమును ఒకసారి ముట్టుకుని స్టిక్ తియ్. దాని బంగారు రంగు పళ్లను పెన్సిల్ రబ్బరుతో తుడిచి, పొడి దులిపి, రెండు వైపులా క్లిప్పులు టక్కుమనేదాకా నొక్కు. ఒక స్లాట్‌లో చూశాక రెండోదానిలోనూ చూడు. పాత స్టిక్‌ను అప్పుడు పక్కన పెట్టు, రెండూ కలిపి పరీక్షిస్తే ఏది ఏమిటో తెలియదు.

తేదీ మాటిమాటికీ వెనక్కి పోతోందన్నావు, అది బోర్డు మీది గుండ్రటి సీఆర్2032 బ్యాటరీ అయిపోయిన లక్షణం. చాలా కొట్లలో దొరుకుతుంది. తీసేముందు బయోస్‌లో ప్రతి పేజీనీ ఫోన్‌తో ఫొటో తీసుకో. ముఖ్యంగా సాటా మోడ్, అంటే హార్డ్ డిస్క్‌తో బోర్డు మాట్లాడే పద్ధతి, ఐడీఈనా, ఏహెచ్‌సీఐనా అన్నది. అది మారిపోతే విండోస్ 7బీ అంకెతో నీలం తెర చూపించి ఆగిపోతుంది, హార్డ్ డిస్క్ పోయిందని టెన్షన్ పడతావు. తిరిగి పాత మోడ్‌లో పెడితే చాలు.

డివైస్ మేనేజర్‌లో పసుపు గుర్తుతో ఉన్నదానికి డ్రైవర్ ప్యాక్‌లు గుప్పించొద్దు. ప్రాపర్టీస్, డీటెయిల్స్‌లో హార్డ్‌వేర్ ఐడీ చూడు. అందులో వెండర్ (తయారీ కంపెనీ) దగ్గర 10ఈసీ ఉంటే రియల్‌టెక్, 8086 ఉంటే ఇంటెల్. 1978లో వచ్చిన తమ చిప్పు పేరునే ఇంటెల్‌వాళ్లు నంబరుగా పెట్టుకున్నారు, నాకు అది భలే నచ్చుతుంది. ఆ కంపెనీ సైట్‌లోంచే డ్రైవర్ తెచ్చుకో.

ముందు ర్యామ్ లేబుల్ ఫొటో దగ్గర నుంచి తీసి పంపు. బిల్లులో మార్చుకునే గడువు ఎప్పటిదాకా ఉందో కూడా చూడు.

మీ పెదనాన్న