ప్రామ్ రాత్రి కారు తాళాలు ఇవ్వాలా? మా ఇంటి అనుభవం

మూడు నెలల క్రితమే లైసెన్సు వచ్చిన మీ 17 ఏళ్ల అబ్బాయి ప్రామ్‌కు (హైస్కూలు పిల్లల కోసం జరిగే డాన్సు వేడుకకు) ముగ్గురు స్నేహితులను తానే కారులో తీసుకెళ్తానంటున్నాడని, వద్దంటే అలిగి మాట్లాడటం మానేశాడని రాశారు. మేమూ న్యూజెర్సీలోనే ఉంటాం. రెండేళ్ల క్రితం మా పెద్దవాడితో మాకూ ఇదే వాదన జరిగింది.

ముందు ఇది మీ ఇద్దరి మధ్య పంతంగా మారకుండా చూడండి, ఎందుకంటే ఇక్కడ కాదంటున్నది మీరు కాదు, చట్టం. ఈ రాష్ట్రంలో ప్రొబేషనరీ లైసెన్సుతో (కొత్త డ్రైవర్లకు ముందుగా షరతులతో ఇచ్చే లైసెన్సుతో) ఉన్న ఆ వయసు పిల్లలు రాత్రి 11:01 నుంచి తెల్లవారుజామున 5 గంటల వరకు బండి నడపకూడదు. తల్లి గానీ తండ్రి గానీ వెంట లేనప్పుడు స్నేహితులను ఒక్కరికి మించి ఎక్కించుకోకూడదు. నడుపుతున్నది కొత్త డ్రైవరని తెలిసేలా నంబరు ప్లేట్లకు అంటించే ఎర్ర స్టిక్కర్లు 2010 నుంచి తప్పనిసరి. ఆ ఒక్క రాత్రికి వాటిని తీసేస్తానని మా వాడు అన్నప్పుడు మాత్రం నేను ఏమాత్రం మెత్తబడలేదు.

వెళ్లేటప్పటి ప్రయాణం గురించి నాకు పెద్ద దిగులు లేదు. మా వాడి ప్రామ్‌కు పిల్లలంతా కలిసి డ్రైవరుతో వచ్చే లిమోజీన్ మాట్లాడుకున్నారు, ఖర్చు తల్లిదండ్రులం పంచుకున్నాం. అసలు భయం ప్రామ్ తర్వాత ఎవరింట్లోనో జరిగే పార్టీ గురించే. 21 ఏళ్లు నిండనివారికి మద్యం అమ్మకూడదని చట్టం ఉన్నా, మద్యం అక్కడికి చేరదని అనుకోలేం. తాగనివాళ్లు కూడా పొద్దుటి నుంచి అలసిపోయి, నిద్రమత్తులో ఉంటారు.

మన ఇళ్లలో పిల్లలు చిక్కులో పడినప్పుడు ఫోను చేయకపోవడానికి చాలాసార్లు కారణం, నాన్న తిడతారన్న భయమే. అందుకే మా వాడికి ముందే ఒక మాట ఇచ్చాను: ఏ వేళకైనా, ఎక్కడి నుంచైనా ఫోను చేస్తే వచ్చి తీసుకొస్తాను, ఆ రాత్రికి ఒక్క ప్రశ్న కూడా అడగను. ఒంటిగంటన్నరకు వాడు ఫోను చేశాడు. వెళ్లేసరికి వీధి చివర మరో ఇద్దరితో కలిసి నిలబడి ఉన్నాడు. అందరి చేతా సీటు బెల్టు పెట్టించి, ఎవరిళ్ల దగ్గర వారిని దింపి, ఇచ్చిన మాట ప్రకారం నోరు మెదపకుండా ఇంటికి తీసుకొచ్చాను, అది నాకు చాలా కష్టమైనా సరే. తమను దింపుతానన్న కుర్రాడు తాగాడని మర్నాడు వాడే చెప్పాడు.

మీరూ మాట్లాడండి, అయితే కనీసం ఒక వారం ముందే మాట్లాడండి. ఆ సాయంత్రం ఫొటోల హడావుడిలో ఏం చెప్పినా వాళ్ల చెవికెక్కదు.