కలం పేరు వేరు, కొలువు పేరు వేరు

"నేను కథలు వేరే పేరుతో రాస్తాను. ఇంగ్లీషులో దీన్ని నోం ద ప్లూమ్ అనాలా, నోం ద గేర్ అనాలా? రెండూ ఒకటేనా?" అని మీరు అడిగారు. ఒకటి కాదు. ఈ తేడా నాకు డిక్షనరీ చూస్తే తెలియలేదు, ఉద్యోగం చేస్తే తెలిసింది.

2011లో హైదరాబాద్‌లో ఒక కాల్ సెంటర్‌లో ఫ్రెంచి ప్రాసెస్‌లో, అంటే ఫ్రెంచి కస్టమర్లతో మాట్లాడే విభాగంలో చేరాను. మొదటి వారంలోనే గోడకి ఒక లిస్టు అంటించారు. కస్టమర్లకి నోరు తిరిగే పేర్లవి. నా పేరు నాగలక్ష్మి. 'న'తో మొదలయ్యేది అందులో ఒక్కటే మిగిలింది, నథాలీ. దాని పక్కన సంతకం పెట్టాను. మా ట్రైనర్ ఫ్రాన్స్ నుంచి వచ్చిన ఆవిడ. ఆవిడ మెచ్చుకుంటుందని "నా నోం ద ప్లూమ్ నథాలీ" అన్నాను. ఆవిడ నిజంగానే సంతోషపడి, "అయితే మీరు రచయిత్రా? ఏం రాస్తారు?" అంది. ఏం చెప్పాలో తెలియక తల దించుకున్నాను.

ప్లూమ్ అంటే ఈక, అంటే కలం. రాసేవాళ్లకే ఆ మాట. పైగా అది ఫ్రాన్స్‌లో పుట్టింది కూడా కాదు. 19వ శతాబ్దంలో ఇంగ్లీషువాళ్లే ఫ్రెంచి ముక్కలు కలిపి చేసుకున్నారు. ఫ్రెంచివాళ్లు మామూలుగా ప్సూడోనీమ్ అంటారు, ఆన్‌లైన్ పేరైతే కుదించి ప్సూడో అంటారు. మనవాళ్లు దొంగ పెట్టుకున్న పేరుని కూడా కలం పేరు అనేస్తుంటే నాకు ఒళ్లు మండుతుంది. పేపర్లో నేరవార్తల్లో కనిపించే 'అలియాస్' అయితే అసలు ఫ్రెంచే కాదు, లాటిన్.

నోం ద గేర్ మాత్రం పక్కా ఫ్రెంచి. గేర్ అంటే యుద్ధం. రాజుల కాలంలో ఫ్రెంచి సైన్యంలో చేరిన ప్రతి సిపాయికీ ఒక మారుపేరు ఉండేది. తనే పెట్టుకునేవాడు, లేకపోతే కెప్టెన్ పెట్టేవాడు. 1716 నుంచి అది తప్పనిసరి. లాఫ్లర్ అంటే పువ్వు, సాన్‌సూసీ అంటే చింత లేనివాడు. వీటిలో కొన్ని కెనడాకి వెళ్లిన సిపాయిలతో పాటు వెళ్లి, ఈరోజుకీ క్యూబెక్‌లో ఇంటిపేర్లుగా ఉన్నాయి. అసలు పేరు పక్కన ఈ పేరు కూడా రిజిస్టర్లో రాసేవారు, ఇప్పటి ఎంప్లాయీ నంబర్ లాగా. ఆఫీసర్లు మాత్రం అలాంటి పేరు పెట్టుకోవడం చిన్నతనంగా భావించేవారు. ఇది చదివినప్పుడు నాకు మా ఫ్లోరే గుర్తొచ్చింది. మా టీమ్ లీడ్‌లకీ మేనేజర్లకీ ఎవరికీ మారుపేర్లు లేవు.

ఒకరోజు రాత్రి ఎనిమిదింటికి బ్రేక్‌లో క్యాంటీన్‌లో కూర్చుని పెరుగన్నం తింటున్నాను. అప్పటికే అరవై కాల్స్ దాటాయి. సెల్ మోగింది. చూడకుండా ఎత్తి, అలవాటుగా "బోంజూర్, నథాలీ ఆ లాపరేయ్" అన్నాను. అవతల ఒక్క క్షణం నిశ్శబ్దం. తర్వాత అమ్మ గొంతు, ఎవరో పరాయివాళ్లతో మాట్లాడినట్టు మర్యాదగా, "క్షమించండమ్మా, మా అమ్మాయి నంబరనుకున్నాను" అని పెట్టేసింది. నేనే మళ్లీ చేశాను. "ఎవరే ఆ పిల్ల, నీ ఫోనెత్తింది?" అంది. నా ఫ్రెండ్ అని చెప్పాను. ఆ పెరుగన్నం ఇక దిగలేదు.

నాగలక్ష్మి మా నాయనమ్మ పేరు. నథాలీ మంచి పేరే, కానీ నన్ను అడిగి పెట్టింది కాదు. ఫ్రాన్స్‌లో 'అరువే' అనే ఇంటిపేరున్న రచయిత తనంతట తాను 1718లో వోల్టేర్ అయ్యాడు. మన భాగవతుల సదాశివ శంకరశాస్త్రి గారు ఆరుద్ర అయ్యారు. అవి రాయడం కోసం ఇష్టపడి పెట్టుకున్న పేర్లు. నాది కొలువు కోసం తగిలించుకున్న పేరు, కాబట్టి నోం ద గేర్. వ్యుత్పత్తి ఏం చెప్పినా సరే, నా లెక్కలో ఈ రెండు మాటలకీ అసలు తేడా ఇదే.

మీరు కథలు రాస్తున్నారు, పేరు మీరే ఎంచుకున్నారు. ఇంగ్లీషులో చెప్పాల్సొస్తే నిక్షేపంగా నోం ద ప్లూమ్ అనండి, పెన్ నేమ్ అన్నా అంతే. తెలుగులో అడిగితే కలం పేరు అనండి. ఆ పేరు మీ అమ్మగారికి మాత్రం ముందే చెప్పి ఉంచండి.